చెట్టుకు తొడిగిన చొక్కా

పర్చూరులో ఎవరి పెరట్లో అంటు కట్టాలన్నా ఇవాళ కరీమున్‌కే కబురు పెడతారు. గులాబీ కానివ్వండి, మామిడి కానివ్వండి, జామ కానివ్వండి, ఆవిడ చెయ్యి పడితే పట్టుకుని తీరాల్సిందే. ఆపిల్ ఒక్కటి మాత్రం కట్టదు. బతిమాలినా కట్టదు. "అది నా చేత కాదులేమ్మా" అని చాకు మడిచి బొడ్లో దోపుకుంటుంది. చేత కాకపోవడం ఏమిటి, ఈ చుట్టుపక్కల ఆపిల్‌కి అంటు కట్టి కాయ కాయించిన మనిషి ఆవిడ ఒక్కతే! ఆ సంగతి వీధి వీధంతా చూసింది. చూసి, ఆ చెట్టు చచ్చింది మొగుడు బుడే పాపం వల్లేనని తీర్మానం కూడా చేసేసింది. వీధికేం, తీర్మానాలు చెయ్యడానికి ఎంతసేపు కావాలి!

కరీమున్‌ది దర్శి దగ్గర పల్లె. దూదేకులవాళ్ళ పిల్ల. ఊహ తెలిసిన నాటి నుంచీ పత్తి చేలో వంచిన నడుమే. పెళ్ళయి పర్చూరు వచ్చినా పత్తి పీడ వదల్లేదు. చేలో తీసే పత్తి పోయి ఇంట్లో ఏకే దూది వచ్చింది, అంతే తేడా. బుడేది పరుపులు కుట్టే పని. ఊళ్ళు తిరిగేవాడు. పాత పరుపులు విప్పి, దూది ఎండబెట్టి, ఏకి, మళ్ళీ కూరి కుట్టేవాడు. పక్కన కరీమున్ ఉండాల్సిందే. ముక్కులోకీ జుట్టులోకీ దూది పోయి సాయంత్రానికి ముసలమ్మలా కనిపించేది.

బుడే పనితనానికి వంక పెట్టలేం. అందులో అబద్ధం ఎందుకు? దబ్బనంలో నైలాను దారం ఎక్కించి, ఒక్క లాగు లాగి, వేలికి రెండు మెలికలు తిప్పి ముడి వేశాడంటే గుడ్డ చిరగాలే గానీ ముడి వదిలేది కాదు. చివర శనగగింజంత గుబ్బ నిలబడేది. ఆ గుబ్బ చూసి ఇది బుడే ముడి అని చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్ళు. "నేనేసిన ముడి నేనే విప్పలేనండీ, కొయ్యాల్సిందే" అని మీసం దువ్వుకునేవాడు. గుబురు మీసం. దాని మీద ఉన్న ప్రేమలో పావు వంతు పెళ్ళాం మీద ఉన్నట్టు ఎవరూ చూడలేదు.

కరీమున్ వేసిన కుట్టు గోటితో గీకి చూసేవాడు. కాస్త వదులనిపించిందా, ఒక పక్క మొత్తం బర్రున చింపి ఆమె ఒళ్ళో పడేసేవాడు. అదీ ఇంట్లో కాదు, పని ఒప్పుకున్నవాళ్ళ వాకిట్లో, వాళ్ళు చూస్తుండగా. "మా ఇంటిదానికి చేతులిచ్చాడండీ దేవుడు, వేళ్ళివ్వడం మర్చిపోయాడు" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. కరీమున్ తల దించుకుని మళ్ళీ మొదటినుంచీ కుట్టేది. ఏనాడూ చెయ్యి మాత్రం చేసుకోలేదు. అంత నోరుండగా చెయ్యెందుకు? కూర కుదిరితే మాట్లాడకుండా తినేసేవాడు. కుదరకపోతే ఆ సంగతి వీధి చివరి దాకా వినపడేది. ఇన్నేళ్ళ కాపరంలో "బాగుందే" అన్న మాట ఒక్కటి ఆమె చెవిన పడలేదు. కూతురు గుల్షన్ పెళ్ళయి దర్శి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో మాట్లాడే నోరు ఒకటే మిగిలింది. స్పాంజి పరుపులు వచ్చిపడి పని తగ్గే కొద్దీ ఆ నోరు ఇంకా పెరిగింది.

ఆపిల్ గొడవ నాగేంద్రబాబు ఇంట్లో మొదలైంది. ఆయనకి పురుగుమందుల షాపు ఉంది, మేడ ఉంది, మేడ ముందు తోట ఉంది. ఉత్తరాది నుంచి ఎండకి తట్టుకునే రకం ఆపిల్ మొక్క తెప్పించి వేశాడు. అది కాసింది. మిరప, పొగాకు పండే నల్లరేగడిలో ఆపిల్ కాసిందని జనం వచ్చి చూసి పోతున్నారు. ఆ రోజుల్లోనే బుడే, కరీమున్ వాళ్ళ వాకిట్లో పాత పరుపులు విప్పి కుడుతున్నారు.

ఆ మధ్యాహ్నం నాగేంద్రబాబు భార్య జయకుమారి చెట్టు మీది కాయలు కోయించి, ముక్కలు చేసి, పళ్ళెంలో వచ్చినవాళ్ళందరికీ పంచింది. పక్కింటివాళ్ళు తిన్నారు, షాపు గుమాస్తాలు తిన్నారు, గ్యాసు బండ తెచ్చినవాడు కూడా తిన్నాడు. పళ్ళెం దగ్గరికి రాగానే కరీమున్ కొంగుకి చెయ్యి తుడుచుకుని చాపింది.

"అయ్యో, ముక్కలు సరిపోవే కరీమున్! సాయంత్రం పోయేటప్పుడు అరటిపండు ఇస్తాలే" అంది జయకుమారి.

చాపిన చెయ్యి అలాగే ఉంది. అప్పుడు బుడే దబ్బనం పక్కన పెట్టి పెద్దగా నవ్వాడు. "దాని మొహానికి ఆపిలేంటమ్మగారూ! రేక్కాయలు పడెయ్యండి, గింజలతో సహా మింగేసుద్ది!"

వాకిలంతా ఒకటే నవ్వు. కరీమున్ చెయ్యి వెనక్కి తీసుకుని దూదిలో పెట్టుకుంది. జయకుమారి మాట ఆమెకి తగల్లేదు, కలిగినవాళ్ళ తీరు అంతేలెమ్మనుకుంది. మొగుడి నవ్వు తగిలింది. ఎంత లోపలికి తగిలిందంటే, ఆ రాత్రి అన్నం కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయింది. నా ఇంట్లో, నా చేత్తో పెంచిన చెట్టుకి ఆపిల్ కాయాలి, అది ఎవర్నీ అడక్కుండా నేను కోసుకుని తినాలి, ఈయన చూస్తుండగా తినాలి, అని గట్టిగా అనుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె తన కోసమని కోరుకున్నది అదొక్కటే.

జనవరిలో నాగేంద్రబాబు తోటలో ఆపిల్ చెట్టు ఆకు దూసి కొమ్మలు కత్తిరించారు. చెట్టు మొదలు దగ్గర లేచిన పిలకలు కూడా వేర్లతో సహా పెకిలించి గోడ పక్కన పడేశారు. కరీమున్ వెళ్ళి అడిగింది. "చెత్తే కదా, పట్టుకుపో. పొయ్యిలోకా?" అంది జయకుమారి. అవునండి అని చెప్పి మోపు కట్టుకుని తెచ్చుకుంది. ఎందుకో చెబితే మళ్ళీ నవ్వుతారు మరి.

గుంటూరు రోడ్డు మీద రహమాన్ అని ఒక నర్సరీ ఆయన ఉన్నాడు. ముక్కోపి. కొనేవాళ్ళతో కూడా విసుక్కుంటాడు. కరీమున్ రెండు వారాలు ఆయన నర్సరీలో ఉత్తపుణ్యానికి గడ్డి పీకింది, అంటు కట్టడం చూపిస్తాడని. చివరికి చూపించాడు.

"వేరున్న పిలకని కుండీలో పెట్టి బతికించు. తల కొయ్యి. మధ్యలోకి చీల్చు. మంచి చెట్టు పుల్ల తీసుకుని రెండు పక్కలా చెక్కి ఆ చీలికలోకి దించు. బెరడు కింద పచ్చ పొర ఉందే, ఇదీ అదీ ఒకదానికొకటి తగలాలి. తగల్లేదా, నువ్వు దాన్ని పాతిపెట్టినట్టే లెక్క. గాలి పోకుండా పిల్లలు చీకే ఐసు కవరు చీల్చి చుట్టు" అన్నాడు. తర్వాత వేలు చూపించి మరీ చెప్పాడు. "ఇంకోటి విను. అతుక్కున్నాక కట్టు విప్పెయ్యి. కట్టు మీద జాలి పడమాక. కాండం లావయ్యే కొద్దీ ఆ కట్టే ఉరైపోతది. ఆడాళ్ళు మీరు, గట్టిగా ఉందిలే, ఉండనీలే అంటారు. అదే చంపుద్ది."

మొదటి ఏడు కట్టినవన్నీ ఎండిపోయాయి. రెండో ఏడూ అంతే. పుల్ల ఒక పక్కకి జరిగి ఒకటి చచ్చింది, ఐసు కవరులోకి నీళ్ళు దిగి ఒకటి కుళ్ళింది, మిగతావి ఎందుకు చచ్చాయో వాటికే తెలియాలి. ఎండిన పుల్లల్ని బుడే ఊరుకోలేదు. ఒకటి విరిచి పళ్ళపుల్లలా నములుతూ పొద్దున్నే అరుగు మీద కూర్చునేవాడు.

"ఏమే ఆపిల్ బేగం! ఈ ఏటి పంట ఇదేనా? కాస్త తియ్యగానే ఉందిలే!"

ఎదురింటి సుబ్బరావమ్మకి ఒళ్ళు మండేది. ఆవిడకి మేకలూ ఉన్నాయి, నోరూ ఉంది. "ఏందయ్యా బుడే, ఆడమనిషి ఏదో ముచ్చట పడతా ఉంటే చచ్చిన పుల్ల నోట్లో పెట్టుకుని ఆ ఎకసెక్కాలేంది? నీకసలు బుద్ధుందా?" అని అరిచేది.

"ముచ్చటేగా వదినా! చెట్టుకి ముచ్చటుండొద్దూ?" అని పుల్ల ఉమ్మేసేవాడు.

మూడో ఏడు ఒకటి పట్టుకుంది. చిన్న మొగ్గ పగిలి, ఎలక చెవంత ఆకు వేసింది. కరీమున్ ఎవరికీ చెప్పలేదు. స్నానాల గది వెనక పెట్టి, మధ్యాహ్నం పూట తడి గోనె కప్పి, మేకల నుంచి కాపాడి ఆ ఎండాకాలం గట్టెక్కించింది. రహమాన్ చెప్పినట్టే వేళకి బ్లేడుతో ఐసు కవరు కోసేసింది. వానలు పడగానే వాకిట్లో పాతింది.

అప్పుడు గానీ బుడే చూడలేదు. చూసి ఏమన్నా అన్నాడా? నేరుగా కోటేష్ టీ కొట్టుకి పోయి, పదిమందిలో బల్ల గుద్ది చెప్పాడు. "మా ఇంటిది పుల్ల పాతింది. ఆ పుల్లకి ఆపిల్ కాస్తే సగం మీసం గొరిగించుకుని ఊరంతా తిరుగుతా. రాసుకోండి!"

"రాసుకునేదేముంది, సాదిక్ ఇక్కడే ఉన్నాడు, విన్నాడు" అన్నాడు కోటేష్. సాదిక్‌ది టీ కొట్టు పక్కనే సెలూన్. ఆ పందెం సాయంత్రానికల్లా కరీమున్ చెవిన పడింది. ఆమె చెట్టుకి మరో చెంబు నీళ్ళు పోసింది.

ఆ డిసెంబరులో గుల్షన్‌కి రెండో కాన్పు. అత్తగారు మంచాన ఉంది, చేసేవాళ్ళు లేరు. కరీమున్ దర్శి వెళ్ళాల్సి వచ్చింది. ఆమె అక్కడ ఉండగానే తుఫాను పట్టింది. మూడు రోజులు గాలీ వానా. కల్లాల్లో మిరపకాయలు తడిసి, పత్తి చేలు నేలకి ఒరిగి, జనం లబోదిబోమంటున్నారు. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కరీమున్ వాకిట్లో చెట్టు గురించి ఏడ్చింది. బయటికి చెప్పుకోలేదు. చేలే పోయి జనం గుండెలు బాదుకుంటుంటే మొక్క కోసం ఏడ్చిందంటే ఎవరన్నా ఊరుకుంటారా?

తిరిగొచ్చేసరికి ప్రహరీ ఒక పక్క కూలింది. రేకు ఎగిరిపోయింది. చెట్టు మాత్రం నిటారుగా నిలబడి ఉంది. అంటు అతుకు దగ్గర, అదే గాలికి విరిగే చోటు, చారల పరుపు గుడ్డతో చక్కగా చొక్కా కుట్టి తొడిగి ఉంది.

కరీమున్ బురద కాళ్ళతో అలాగే వంగి చూసింది. అది మామూలు కుట్టు కాదు. బుడే ఆ సన్న కుట్టు పెళ్ళి పరుపులకి తప్ప వెయ్యడు. కొత్త జంటకి గుచ్చుకోకూడదని దారం లోపలికి మడిచి, ముడి కనపడకుండా వేసే కుట్టు. అది వేయించుకోవాలంటే కలిగినవాళ్ళు కూడా బతిమాలాల్సిందే.

"ఎవరు కుట్టారయ్యా ఇది?" అని అడిగింది.

"ముక్క మిగిలింది. పారెయ్యడమెందుకని" అన్నాడు బుడే, మొహం అటు తిప్పుకుని. "అన్నం పెడతావా, చెట్టుకే పెడతావా?"

వీధి నవ్వింది. చెట్టుకి చొక్కా ఏంటని పిల్లలు ఎగతాళి చేశారు. కరీమున్‌కి మాత్రం ఆ చొక్కా మీంచి చూపు మళ్ళేది కాదు. ఈ మనిషి, ఈ నోటి దురుసు మనిషి, ఎవరూ చూడకుండా వానలో కూర్చుని తన చెట్టుకి పెళ్ళి కుట్టు వేశాడు! రోజూ నీళ్ళు పోస్తూ ఆ కుట్టు మీద వేలితో రాసేది. ఇన్నేళ్ళకి ఆ వేళ్ళు తన కోసం చేసిన పని అదొక్కటే కదా.

రహమాన్ మాట ఆమెకి గుర్తు లేక కాదు. ఎండాకాలంలో ఒకసారి బ్లేడు పట్టుకుని చొక్కా దగ్గర కూర్చుంది. మొదటి కుట్టు మీద ఆనించింది. మళ్ళీ తీసేసింది. గుడ్డే కదా, సాగుద్దిలే అనుకుంది. తర్వాత చొక్కా పైన కాండం కాస్త ఉబ్బితే, బలం పడుతోందని సంబరపడింది.

మరుసటి ఫిబ్రవరిలో చెట్టు విరగబూసింది. తెలుపులో కాస్త గులాబీ కలిసిన పూలు. వీధి వీధంతా వచ్చి ఫోన్లలో ఫోటోలు తీసుకుంది. సుబ్బరావమ్మ దిష్టి తీసింది. కరీమున్ ఆ సంతోషం పట్టలేక రహమాన్ నర్సరీకి పరిగెత్తింది. ఆయన మొహం వికసించలేదు.

"ఇంత తొందరగానా? ఇంకో రెండేళ్ళు పట్టాలే. ఎక్కడన్నా ఒత్తుకుందేమో చూసుకో. ఊపిరాడని చెట్టు తొందరపడి పూస్తది. చచ్చేలోపు గింజ పారేసుకోవాలని దాని ఆత్రం. ఏమన్నా కట్టు ఉందా?"

"ఏ కట్టూ లేదు, నేనే కోసేశా" అంది కరీమున్.

చొక్కా సంగతి చెప్పలేదు. ఇంటికొచ్చింది, చొక్కా మీద చెయ్యి వేసింది, విప్పలేదు. ఈ రహమాన్ కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నాడు, నేను ఆయన కంటే ముందు కాయించానని కుళ్ళు, అనుకుంది. పిచ్చి మనిషి! ఎంత తెలివిగలవాళ్ళం అనుకున్నా మనసుకి నచ్చిన అబద్ధం దొరికితే దాన్నే పట్టుకుని వేలాడతాం.

పూలన్నీ రాలి మూడు కాయలు నిలిచాయి. కోటేష్ టీ కొట్టు దగ్గర బుడే కనపడితే చాలు, సాదిక్ కత్తెర ఆడించి చూపించేవాడు. "మామా, మీసానికి నూనె బాగా పట్టించు, గొరిగేటప్పుడు నొప్పుండదు." బుడే నోటికి మొదటిసారి తాళం పడింది. ఇంట్లో కూడా మాట తగ్గింది. మీసం పోతుందని దిగులు పడుతున్నాడని అందరూ అనుకున్నారు. కరీమున్ కూడా అలాగే అనుకుంది, లోపల లోపల మురిసింది. ఆ కాయలు కాస్త ఎర్రబడనివ్వు, నీ ఎదురుగానే కోసుకుని తింటా, మీసం సంగతి తర్వాత చూద్దాం, అనుకుంది. అంత కసి, అంత ఆశ ఒకే చోట పెట్టుకుని తిరిగింది ఆ మూడు నెలలూ.

ఎండలు ముదిరాయి. కరీమున్ మిరపకాయల ముచ్చికలు తీసే పనికి వెళ్తోంది. ఆ రోజు మూడు గంటలప్పుడు ఆకాశం నల్లబడి ఈదురుగాలి లేచింది. ఒకటే దుమ్ము, కళ్ళు కనపడవు. పని వదిలేసి, మంటెత్తిన చేతులతో పరిగెత్తుకుంటూ వచ్చింది.

చెట్టు వాకిట్లో పడి ఉంది. సరిగ్గా అతుకు దగ్గర తెగి, నరికినట్టు పడింది. సుబ్బరావమ్మ మేక అప్పటికే చేరి ఆకులు నములుతోంది. రెండు కాయలు దాని కడుపులోకి పోయాయి. మూడోది చూరు కింద దొర్లి ఉంది, పచ్చిది, గట్టిది. కరీమున్ దాన్ని తీసి, తుడవకుండా కొరికింది. పులుపు, వగరు. చేతికున్న మిరప ఘాటు పెదాలకి అంటి భగ్గుమంది. ఆగలేదు. కన్నీళ్ళు కారుతుంటే గింజలూ తొడిమా కూడా మిగల్చకుండా నమిలి మింగింది. తినడమైతే తిన్నది, ఇన్నేళ్ళ కోరిక అలా తీరింది.

సుబ్బరావమ్మ మేకని తరిమి, నెత్తిన చేతులు పెట్టుకుని వచ్చింది. "ఇంత చెట్టు ఆ గాలికే విరిగిద్దా? ఆ గుడ్డ తియ్యి కరీమున్, పురుగేమన్నా తొలిచిందేమో" అంది. కరీమున్ బ్లేడు తెచ్చి, మొదటిసారి ఆ కుట్టు కోసింది.

గుడ్డ కింద పురుగు లేదు. నైలాను దారం ఉంది. రెండు మూడు చుట్లు చుట్టి, బిగించి కట్టిన దారం. చెట్టు లావెక్కే కొద్దీ అది కండలోకి దిగి, చుట్టూతా కోసుకుపోయింది. మధ్యలో పుల్లంత పచ్చి మాత్రం మిగిలి ఉంది, అదే ఇన్నాళ్ళూ మోసింది. ఒక పక్కన శనగగింజంత గుబ్బ.

"బుడే ముడి!" అని అరిచింది సుబ్బరావమ్మ. "ఓరి దుర్మార్గుడా! చొక్కా కప్పి లోపల ఉరి పోశాడే! మీసం కోసం చెట్టు పీక నులిమాడే!"

ఆ అరుపుకి వీధి మొత్తం వచ్చింది. కోటేష్ వచ్చాడు, సాదిక్ వచ్చాడు. ఆడవాళ్ళు ఆ ముడిని చేతులు మార్చుకుని చూశారు. సందేహం ఎవరికీ లేదు. అది బుడే ముడే, పందెం బుడేదే, నోరు బుడేదే. ఇంకేం కావాలి?

గాలి వెలిశాక బుడే చంకన సంచితో వచ్చాడు. జనాన్ని చూశాడు, పడి ఉన్న చెట్టుని చూశాడు. సంచి కింద పడేసి చెట్టు దగ్గర కూలబడ్డాడు. విరిగిన చోట చెయ్యి పెట్టి చూశాడు.

"ఇది ఎవడు కట్టాడు రా?" అన్నాడు కోటేష్.

"నేనే" అన్నాడు బుడే.

"ఒప్పుకున్నాడు చూడండి!"

"తుఫానుకి కట్టాను. అతుకు దగ్గర ఊగిపోతా ఉంది. విరిగిద్దేమోనని కట్టాను. నా ముడి గట్టిది కదా, నిలబెట్టుద్దని..." వినేవాళ్ళు లేరు. ఒకడు నవ్వాడు. ఒకావిడ కాండ్రించి ఉమ్మింది. సుబ్బరావమ్మ అందుకుంది. "నువ్వు? ఈమె చెట్టుకి? చచ్చిన పుల్లలు నోట్లో పెట్టుకుని నమిలినోడివి! ఎవరికి చెబుతావయ్యా కబుర్లు?"

"కాయ కాసింది. పందెం ఓడావు. ఓడకూడదని ఈ పని చేశావు. రెండూ తేలాలి" అన్నాడు కోటేష్. ఇద్దరు ముగ్గురు బుడేని రెక్కలు పట్టి స్టూలు మీద కూర్చోబెట్టారు. సాదిక్ సెలూన్‌కి పోయి కత్తి పట్టుకొచ్చాడు. బుడే పెనుగులాడలేదు. కరీమున్ కోసం చూశాడు.

"నువ్వు చెప్పవే" అన్నాడు. ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. "నీకు తెలుసు గదా. పెళ్ళి కుట్టు వేశానే దానికి. చంపేవాడు పెళ్ళి కుట్టు వేస్తాడా? వీళ్ళకి తెలీదు, నీకు తెలుసు. చెప్పవే."

ఆమెకి తెలుసు. మొగుడి నోట్లోంచి మాట రాకముందే, దారం కనపడ్డ క్షణమే తెలుసు. వానలో తడుస్తూ, నోరు జారకుండా, దబ్బనం పట్టుకుని కూర్చున్న మనిషి ఆమె కళ్ళకి కట్టాడు. రహమాన్ రెండుసార్లు హెచ్చరించిన సంగతీ తెలుసు. బ్లేడు ఆనించి తీసేసింది తనే. కట్టు లేదని అబద్ధం చెప్పింది తనే. ఆయన ముడి వేశాడు, తను విప్పలేదు. ఇద్దరూ కలిసి చంపుకున్న చెట్టు అది.

ఒక్క మాట చాలు. "వదిలెయ్యండి, ఆయన మంచికే కట్టాడు" అంటే వీధి వదిలేస్తుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ అది చెప్పాలంటే ఆ కుట్టు తనకి ముద్దొచ్చిందని చెప్పాలి. రోజూ దాన్ని వేలితో రాసుకున్నానని, అందుకే విప్పలేదని ఇంతమందిలో చెప్పాలి. జీవితమంతా ఎండబెట్టి, ఒక్కసారి చుక్క నీళ్ళు పోస్తే, ఆ చుక్కకే వంగిపోయానని చెప్పాలి. ఆయన చెడ్డగా ఉన్నన్నాళ్ళూ ఆమె భరించింది. ఆయన మంచితనమే ఆమె చెట్టుని తినేసింది. దాన్ని మాత్రం భరించలేకపోయింది. కోపం వచ్చింది. కడుపులోంచి, పచ్చి ఆపిల్ మండుతున్న చోటి నుంచి వచ్చింది.

సాదిక్‌కి చెయ్యి రాలేదు. కత్తి పట్టుకుని కరీమున్ వైపు తిరిగాడు.

"అత్తా, మామ చెప్పేది నిజమేనా? నువ్వు వద్దంటే మానేస్తాను."

వీధంతా ఆమె మొహం చూసింది. బుడే కళ్ళల్లో ఆశ వెలిగింది. మొగుడి కళ్ళల్లో ఆమె కోసం అలాంటి చూపు ఎప్పుడూ లేదు.

"నాకేం తెలుసురా? నేను దర్శిలో ఉన్నాను" అంది కరీమున్. "కానియ్."

బుడే గడ్డం తనే పైకెత్తి పట్టుకున్నాడు. సాదిక్ నీళ్ళు రాసి గొరగడం మొదలుపెడితే, కరీమున్ అక్కడే నిలబడి, అయ్యేదాకా చూసింది.